లావోషి అంటే టీచర్, ఏరు అంటే నీళ్ళు

ముందే చెప్పేస్తున్నా, నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే ఫస్ట్ టైమ్. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే నన్ను కాదు, చూసి కూడా వదిలేసిన మన క్లబ్ ఎడిటర్లను అడగండి.

పోయిన వేసవి సెలవుల్లో ఇంటికి, అంటే బూర్గంపాడు, వెళ్ళా. తెలియనివాళ్ళ కోసం: భద్రాచలానికి గోదావరి ఇవతల ఒడ్డు. కిన్నెరసాని గోదావరిలో కలిసేది మా దగ్గరే. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఎండలకు ఇంట్లో పడి ఉన్న ఒక మధ్యాహ్నం పెద్దమ్మ వాళ్ళింటి నుంచి ఫోన్. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదరా, ఒకసారి వచ్చి ఇది నిజమో అబద్ధమో చూడు."

కంప్యూటర్ సైన్స్ అంటే మా ఇంట్లో అన్నిటికీ మందు. సెట్ టాప్ బాక్స్ దగ్గర్నుంచి పాన్ కార్డు దాకా.

విషయం ఏంటంటే, అక్కకి (పెద్దమ్మ కూతురు, డీఎడ్ చేసి ఒక ప్రైవేట్ స్కూల్లో చిన్న క్లాసులకు చెప్తోంది) వాట్సాప్‌లో ఒక ఆఫర్ వచ్చింది. చైనాలో ప్రైవేట్ కిండర్‌గార్టెన్. 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు ఇంగ్లీష్ చెప్పాలి. రూమ్ ఫ్రీ, నెలకు లక్షన్నర, చైనీస్ రాకపోయినా పర్లేదు. ముందుగా లక్షా ఇరవై వేలు కట్టాలి. బిజినెస్ వీసా మీద వచ్చేస్తే అక్కడికెళ్ళాక మార్పిస్తారట. అక్క అప్పటికే సగం సూట్‌కేస్ సర్దుకున్న మొహంతో ఉంది. పెదనాన్న ఏమీ మాట్లాడట్లేదు. పెద్దమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "వాళ్ళ భాష రాకుండా ఆ పసిపిల్లలకు ఇదేం చెప్తుందిరా?"

నేను అప్పుడు నవ్వేశా. రెండు నెలల తర్వాత అర్థమైంది, అదే అసలు ప్రశ్న అని.

ముందు ఆఫర్ సంగతి చెప్తా, ఎందుకంటే ఇలాంటివి మన హాస్టల్ గ్రూపుల్లో కూడా తిరుగుతున్నాయి. చైనాలో జీతం తీసుకుని పని చేయాలంటే జెడ్ వీసా ఉండాలి. దాన్ని బయటి నుంచే తెచ్చుకుని వెళ్ళాలి, దిగిన 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేయాలి. ఎం అక్షరంతో వచ్చేది వ్యాపారం పనుల మీద తిరిగేవాళ్ళ వీసా, ఎల్ టూరిస్టులది, ఎక్స్ స్టూడెంట్లది. వీటి మీద వెళ్ళి క్లాసు చెప్తే అది చట్టవిరుద్ధమైన పని కిందే లెక్క. వాళ్ళ ఎంట్రీ ఎగ్జిట్ చట్టం ప్రకారం 5 వేల నుంచి 20 వేల యువాన్ల దాకా జరిమానా వేయొచ్చు, సీరియస్ కేసైతే 5 నుంచి 15 రోజులు లోపల వేస్తారు, ఆపైన దేశం నుంచి పంపేయొచ్చు. "అక్కడికెళ్ళాక మార్పిస్తాం" అన్న ఒక్క ముక్క వినగానే ఫోన్ పెట్టేయాలి. సర్టిఫికెట్లను అధికారికంగా ధ్రువీకరించుకునే సంగతి ఆ మెసేజ్‌లో అసలు లేనే లేదు. నిజంగా ఉద్యోగం ఇచ్చే వాళ్ళు ముందు అడిగేది డిగ్రీ కాగితాలు, పోలీస్ క్లియరెన్స్. లక్షా ఇరవై వేలు కాదు.

ఇంకో ఇబ్బంది ఉంది, అది అక్కకి చెప్పడం కష్టమైంది. విదేశీ భాష చెప్పే టీచర్ ఆ భాష మాతృభాషగా ఉన్న దేశం నుంచి రావాలని చైనా రూలు. దానితో పాటు డిగ్రీ, మామూలుగా రెండేళ్ళ అనుభవం. ఇంగ్లీష్‌కి ఆ దేశాల జాబితా అంటే అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటివి. మన పాస్‌పోర్ట్ ఆ లైన్లో లేదు. లెక్కలు, సైన్స్ చెప్పడానికి దారి వేరే ఉంది కానీ డీఎడ్‌తో మూడేళ్ళ పిల్లలకు ఇంగ్లీష్ చెప్పే దారి ఇండియా పాస్‌పోర్ట్‌కి దాదాపు మూసేసినట్టే. అక్క ఇంగ్లీష్ నా కంటే బాగుంటుంది. "అంటే నా ఇంగ్లీష్ కాదన్నమాట, నా పాస్‌పోర్ట్ చెప్తుందన్నమాట పాఠం" అంది. నా దగ్గర జవాబు లేదు.

దానికి తోడు ఆ మార్కెట్ కూడా ఇదివరకట్లా లేదు. 2018 నవంబర్‌లో ప్రైవేట్ కిండర్‌గార్టెన్లు షేర్ మార్కెట్‌కి వెళ్ళకూడదన్నారు. 2021 జూలైలో "రెండు తగ్గింపులు" అనే పాలసీ తెచ్చారు. పిల్లల మీద హోంవర్క్ భారం ఒకటి, ట్యూషన్ భారం ఒకటి, రెండూ తగ్గించాలని. బడికి వెళ్ళే వయసు రాని పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్ వద్దన్నారు, విదేశాల్లో కూర్చుని పాఠం చెప్పే టీచర్లను పెట్టుకోవడమూ వద్దన్నారు. ఇంట్లో కూర్చుని చైనా పిల్లలకు ఇంగ్లీష్ చెప్పుకునే వేల మంది అమెరికన్లకు రాత్రికి రాత్రి పని పోయింది. ఇప్పుడు 2025 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో కిండర్‌గార్టెన్లో ప్రైమరీ స్కూల్ సిలబస్ చెప్పకూడదని రాసేశారు. వీటన్నిటికీ మించి, అసలు పిల్లలే తగ్గిపోయారు. 2016లో అక్కడ పుట్టిన పిల్లలు కోటీ 78 లక్షలు. 2023లో 90 లక్షలు. సగానికి సగం. బెంచీలే ఖాళీ అవుతుంటే బయటి నుంచి టీచర్ ఎందుకు?

సరే, ఆఫర్ చెత్తబుట్టలోకి పోయింది. కానీ పెద్దమ్మ ప్రశ్న మిగిలింది. భాష రాని టీచర్ ఆ పిల్లలకు నిజంగా ఎలా చెప్తారు?

మా సీనియర్ వాళ్ళ చుట్టం ఒకాయన చైనాలో ఎంబీబీఎస్ చేసొచ్చారు. ఫోన్లో గంటన్నర ఓపిగ్గా చెప్పారు, ఆయన ఉన్న అపార్ట్‌మెంట్ కిందే ఒక కిండర్‌గార్టెన్ ఉండేదట. తర్వాత నేను చదివినవీ చూసినవీ కలిపితే బొమ్మ ఇలా వచ్చింది.

కిండర్‌గార్టెన్ అక్కడ మూడేళ్ళు. చిన్న క్లాసు, మధ్య క్లాసు, పెద్ద క్లాసు. ప్రభుత్వ నిబంధన ప్రకారం చిన్న క్లాసులో 25 మంది, మధ్య దాంట్లో 30, పెద్ద దాంట్లో 35కి మించకూడదు. అక్కడ తప్పనిసరి చదువు తొమ్మిదేళ్ళది, కానీ అది ఒకటో తరగతి నుంచి మొదలవుతుంది. దాని ముందున్నది అందులోకి రాదు కాబట్టే ప్రైవేట్ వాళ్ళు అంతగా వచ్చారు. ఇక్కడ మన ఎల్కేజీ కథే, కొంచెం పెద్ద సైజులో. పొద్దున గేటు దగ్గరే నర్సు ప్రతి పిల్ల చేతులూ గొంతూ చూసి లోపలికి పంపుతుంది, చేతుల మీద పొక్కులేమైనా ఉన్నాయా అని. మధ్యాహ్నం అన్నం తినగానే చిన్న చిన్న మంచాల మీద అందరూ పడుకోవాలి. (మన కాలేజీలో ఈ రూల్ పెడితే నేను సంతకాల సేకరణ చేస్తా.)

ఇప్పుడు అసలు పాయింట్. ఆ గదిలో విదేశీ టీచర్ ఒక్కరే ఉండరు. క్లాసుకి ఇద్దరు చైనీస్ టీచర్లు, ఒక ఆయమ్మ, ఇది అక్కడ మామూలుగా పాటించే లెక్క. టీచర్‌ని పిల్లలు "లావోషి" అంటారు, ఆయమ్మను "ఆయీ" అంటారు, అంటే పిన్ని, అత్త లాంటి పిలుపు. మన "ఆయా" పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చిన మాట, దానికీ దీనికీ చుట్టరికం లేదు, కానీ పని ఒకటే: ముక్కు తుడవడం, ప్యాంటు మార్చడం, ఏడిస్తే ఎత్తుకోవడం. ఆ విదేశీ టీచర్ అరగంట పాట పాడి, గెంతి, బొమ్మలు చూపించి వెళ్ళిపోతారు. ఆ అరగంట కూడా పక్కన చైనీస్ టీచర్ కూర్చునే ఉంటుంది. పిల్ల "బూ యావ్" (వద్దు) అని మూలకి పోతే ఎందుకు వద్దందో కనుక్కునేది ఆవిడే.

ఇంగ్లీష్ టీచర్ చేసేదానికి ఒక పేరుంది. జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1960ల్లో మొదలుపెట్టిన పద్ధతి, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్. నోటితో జవాబు అడగరు, ఒంటితో అడుగుతారు. "స్టాండ్ అప్" అంటూ టీచర్ లేస్తుంది, పిల్లలూ లేస్తారు. "టచ్ యువర్ నోస్" అంటూ ముక్కు పట్టుకుంటుంది. పదిసార్లయ్యాక తను పట్టుకోకుండా నోటితో మాత్రమే చెప్తుంది, పిల్లలు పట్టుకుంటారు. మన అమ్మలు మనకు భాష నేర్పింది ఇలాగే కదా, "చందమామేదీ" అంటే పైకి చూశాం, ఆ మాట అనడం ఎప్పుడో తర్వాత వచ్చింది. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, నోరు తెరవరు. అది రాకపోవడం కాదు. లోపల ఇన్‌పుట్ చేరుతూ ఉంటుంది, అవుట్‌పుట్ కనపడదు అంతే. ప్రింట్ స్టేట్‌మెంట్ లేదని ప్రోగ్రామ్ రన్ అవ్వట్లేదంటామా?

అయితే ఈ పద్ధతికి ఒక గోడ ఉంది. గెంతు, కూర్చో, ఎర్ర బంతి తే, ఇవి చెప్పొచ్చు. "ఎందుకు ఏడుస్తున్నావ్" అడగలేం. "నిన్న మీ ఇంట్లో ఏం జరిగింది" అడగలేం. దానికి పిల్ల భాష రావాల్సిందే. చైనా ప్రైవేట్ బడిలో ఆ గోడ అవతల చైనీస్ టీచర్, ఆయీ నిలబడి ఉన్నారు కాబట్టి ఈ టీచర్‌కి చైనీస్ రాకపోయినా పర్లేదు. "భాష రాకపోయినా పర్లేదు" అన్న మెసేజ్‌లో చెప్పని సగం అది.

జూలైలో అక్క పాత స్కూల్ మానేసి ఇంకో చోట చేరింది. మా మండలంలోనే, అడవి అంచున, ఒక సంస్థ నడిపే చిన్న బడి. ఊరి పేరు రాయను. పిల్లలు గొత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలైన తర్వాత అక్కడి ఊళ్ళు వదిలేసి అడవి దాటి మా వైపు వచ్చిన కుటుంబాలవి. పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇంట్లో మాట్లాడేది మాత్రం కోయ. అక్కకి కోయ రాదు. బూర్గంపాడులో పుట్టి పెరిగిన నాకూ రాదు. సంతలో రోజూ వింటూ పెరిగి కూడా. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

నేను రెండు రోజులు అక్క స్కూటీ వెనకాల కూర్చుని వెళ్ళా. మొదటి రోజు ఏం జరిగిందో చెప్తా.

అక్క "ఏ" అక్షరం చెప్తోంది. గోడ మీద చార్టు. ఏ అంటే ఏనుగు, ఏ అంటే ఏరు. ఏరు పక్కన కొండల మధ్య పారుతున్న వాగు బొమ్మ. అక్క కర్ర పెట్టి "ఏరు" అంది. అందరూ "ఏరు" అన్నారు. ఇంకోసారి గట్టిగా "ఏరు!" అంది. ముందు వరుసలో ఉన్న ఒక పాప, ఐదేళ్ళుంటాయేమో, లేచి నిలబడింది. క్లాసు మధ్యలోంచి నడుచుకుంటూ మూల ఉన్న కుండ దగ్గరకు వెళ్ళింది. గ్లాసుతో నీళ్ళు ముంచింది. రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా, తెచ్చి అక్కకి ఇచ్చింది.

అక్క "కూర్చో" అని సైగ చేసింది. గ్లాసు కిటికీ మీద పెట్టేసింది. ఆ పాప అక్కడే నిలబడింది. అక్క మళ్ళీ "కూర్చో" అంది, ఈసారి గొంతు కొంచెం పెరిగింది. పాప వెళ్ళి కూర్చుంది, ఇక ఆ రోజు నోరు తెరవలేదు. మధ్యాహ్నం అక్క నాతో అంది, "ఆ పిల్లకి ధ్యాస తక్కువరా, మధ్యలో లేచి తిరుగుతుంది."

వంట చేసే అమ్మాయి, ఆ గూడెం అమ్మాయే, ఏడో తరగతి మధ్యలో ఆపేసింది, గిన్నెలు కడుగుతూ మా మాటలు విని నవ్వడం మొదలుపెట్టింది. కోయలో ఏరు అంటే నీళ్ళు.

మనకు ఏరు అంటే పారే వాగు, వాళ్ళకు తాగే నీళ్ళు. ఒకే కుటుంబం భాషలు కాబట్టి ఒకే మాట, అర్థం కొంచెం జరిగింది. టీచర్ నీళ్ళు, నీళ్ళు అని రెండుసార్లు అరిచి అడుగుతుంటే ఆ పాప తెచ్చి ఇచ్చింది. క్లాసు మొత్తంలో చెప్పింది విని దానికి తగ్గ పని చేసింది ఆ పిల్ల ఒక్కతే. ఆషర్ గారి పద్ధతిలో అయితే వందకి వంద మార్కులు. మా అక్క లెక్కలో ధ్యాస తక్కువ.

అక్క అన్నం సగంలో ఆపేసింది. తర్వాత లేచి, కిటికీ మీద అలాగే ఉన్న ఆ గ్లాసు తీసుకుని, పిల్లలు తింటున్న చోటుకి వెళ్ళి, ఆ పాప ముందు నిలబడి మొత్తం తాగింది. "ఏరు" అంది. పాప తల వంచుకునే ఉంది. వెంటనే నవ్వింది, దగ్గరికొచ్చింది అని రాస్తే బాగుంటుంది కానీ అలా జరగలేదు.

ఇదంతా ఎవరికీ తెలియని సమస్యేం కాదు. రాజ్యాంగంలో 350ఏ అని ఒక ఆర్టికల్ ఉంది, 1956లో చేర్చారు, భాషాపరంగా మైనారిటీ అయిన పిల్లలకు ప్రైమరీ చదువు మాతృభాషలో చెప్పే ఏర్పాట్లు రాష్ట్రం చేయాలని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గిరిజన పిల్లల కోసం ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు: కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు లిపిలోనే పుస్తకాలు వేశారు. మొదటి తరగతుల్లో ఇంటి భాష ఎక్కువ, పైకి వెళ్ళేకొద్దీ తెలుగు పెరుగుతుంది. ఆ భాష మాట్లాడే టీచర్లను పెట్టుకున్నారు. అంటే చైనా ప్రైవేట్ కిండర్‌గార్టెన్ డబ్బు పెట్టి చేసుకునే పనిని, "గదిలో పిల్ల భాష వచ్చిన పెద్దమనిషి ఒకరు ఉండాలి" అన్నదాన్ని, మనవాళ్ళు ఇరవై ఏళ్ళ క్రితమే ఆలోచించారు. అప్పుడా కోయ వాచకాలు చదివిన పిల్లలు ఇప్పుడు మన కంటే కొంచెం పెద్దవాళ్ళయి ఉంటారు.

తర్వాత 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులు ఇంగ్లీష్ మీడియం అయ్యాయి. పిల్లలు బెదరకుండా పుస్తకాలు రెండు భాషల్లో వేశారు, ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకి అది నిజంగా మంచి ఏర్పాటు, నాకు అలాంటిది దొరికి ఉంటే ఎంత బాగుండేదో. కానీ ఆ పాప పక్కన కూర్చుని పుస్తకం తెరిచి చూడండి. ఎడమ చేతి వైపు పరాయి భాష. కుడి చేతి వైపు కూడా పరాయి భాష.

ఇక్కడ నన్ను ఒకటి ఒప్పుకోనివ్వండి. ఇంగ్లీష్ వద్దు, మాతృభాషే ముద్దు అని నేను రాస్తే పక్కా హిపోక్రసీ. ఆ గూడెం తల్లిదండ్రులు కూడా ఇంగ్లీషే కావాలంటున్నారు, వాళ్ళు అడగడంలో తప్పేం లేదు. నేను చదివిన చదువు వాళ్ళ పిల్లలకు ఎందుకు వద్దు? నేననేది భాష గురించి కాదు, గదిలో ఎవరున్నారన్నది. నా ఎల్కేజీలో "మే ఐ గో టు టాయిలెట్ మిస్" అంటే తప్ప పంపేవాళ్ళు కాదు. మొదటి వారం ఆ వాక్యం నాకు రాలేదు. బెంచీ తడిసింది. ఆయమ్మ వచ్చి, "ఏం కాదులే నాన్నా, రా" అని తెలుగులో అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. నేను ఇంగ్లీష్ నేర్చుకోగలిగింది మిస్ వల్ల ఎంతో, ఆ తెలుగు ఆయమ్మ వల్ల అంత. నాకు ఆ గదిలో నా భాష మనిషి ఒకరున్నారు.

చైనాలో అన్నీ బాగున్నాయని కూడా అనుకోకండి. 2021 ఆకు రాలే కాలం నుంచి అక్కడ మైనారిటీ జాతుల ప్రాంతాల్లోని కిండర్‌గార్టెన్లలో కూడా మాండరిన్‌లోనే నడపాలని ఆర్డర్ వేశారు. టిబెటన్ పిల్లో ఉయ్‌ఘూర్ పిల్లో మూడేళ్ళకే మాండరిన్‌లో పడాలి. డబ్బున్న మాండరిన్ పిల్లకి రెండో భాష వస్తుంటే పక్కన సొంత భాష టీచర్‌ని కూర్చోబెడతారు. కొండల్లో పిల్లకి రెండో భాష వస్తుంటే సొంత భాషను బయట పెట్టి రమ్మంటారు. అక్కడా ఇక్కడా పెద్ద తేడా కనపడలేదు నాకు.

అక్క ఆ సాయంత్రమే బడి నడిపేవాళ్ళతో మాట్లాడింది. వంట చేసే అమ్మాయిని పొద్దున రెండు గంటలు క్లాసులో కూర్చోబెట్టమంది. వంట ఎవరు చేస్తారన్నారు. న్యాయమైన ప్రశ్నే. చివరికి వంట వేరే ఆవిడకి అప్పగించి, ఈ అమ్మాయిని క్లాసుకి పంపారు, జీతం మాత్రం వంట జీతమే. దాని మీద అక్క ఇంకా పోట్లాడుతోంది.

నా వంతు పని స్ప్రెడ్‌షీట్. ఒక కాలమ్‌లో తెలుగు, పక్కన కోయ, మూడో దాంట్లో ఇంగ్లీష్. 2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు నాలుగు లక్షల పైనే, అయినా నా ఫోన్ కీబోర్డుకి ఆ భాష ఉన్నట్టే తెలియదు. ఆదివారం ఆదివారం ఆ అమ్మాయి ఫోన్లో చెప్తుంది, నేను రాస్తా, అక్క ప్రింట్ తీసి గోడకి అంటిస్తుంది. "లోను" అని చెప్పినప్పుడు నేను బ్యాంక్ లోన్ అనుకుని ఇంగ్లీష్ కాలమ్‌లో అదే కొట్టా. కోయలో లోను అంటే ఇల్లు. ఆ అమ్మాయి ఎంతసేపు నవ్విందో. ఇప్పటికి 140 మాటలయ్యాయి. నేను దీర్ఘం ఎక్కడ పెట్టినా తప్పంటోంది, మా తెలుగు మిస్ లాగే.

పోయిన ఆదివారం "చలి" దగ్గర ఆగిపోయాం. గూడెంలో పాతవాళ్ళు ఒకటి చెప్తున్నారు, అవతలి నుంచి కొత్తగా వచ్చిన ఇంటివాళ్ళు ఇంకోటి. ఏది రాయాలని అడిగితే రెండూ రాయమంది ఆ అమ్మాయి, గడి సరిపోకపోతే పెద్దది చేసుకోమంది. చేశాను.